ఒంటరిగా ఉండలేని కుక్కను దత్తత ఇస్తున్నారా?

వీధి నుంచి తెచ్చి సాకుతున్న కుక్కను ఎవరికైనా ఇచ్చే ముందు, పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, తలుపేసి అరగంట బయటికి వెళ్లండి. ఒంటరితనం తట్టుకోలేని కుక్క చాలావరకు మొదటి పావుగంటలోనే బయటపడుతుంది: చొంగ కార్చడం, గుమ్మం గీకడం, ఊళ పెట్టడం. ఆ వీడియో దాచకండి, తీసుకునేవాళ్లకు చూపించండి. దాస్తే కుక్క తిరిగొస్తుంది, పాపం దాని భయం ఇంకా పెరుగుతుంది.

కొండాపూర్, మియాపూర్ ఫ్లాట్లలో ఇద్దరూ ఆఫీసుకెళ్లే ఇల్లు దీనికి పనికిరాదు, ఎంత ప్రేమున్నా సరే. అమ్మమ్మో తాతయ్యో పగలంతా ఉండే ఇల్లు వెతకండి. "మా ఇంట్లో ఇంకో కుక్క ఉందిగా, తోడుంటుంది" అంటే తొందరపడకండి. చాలాసార్లు దానికి కావాల్సింది మనిషి.

అది పడుకునే దుప్పటి ఉతక్కుండా వెంట పంపండి. కొత్తవాళ్లు బయటికి వెళ్లబోతున్నట్టు తాళంచెవులు చేతిలోకి తీసుకుని, చెప్పులేసుకుని, వెళ్లకుండానే మళ్లీ వచ్చి కూర్చోవాలి, రోజుకు చాలాసార్లు. అది పట్టించుకోవడం మానేశాక 5 సెకన్లు బయట, తర్వాత 30 సెకన్లు, 2 నిమిషాలు. కంగారుపడితే మళ్లీ వెనక్కి. బాల్కనీలోనో బాత్‌రూమ్‌లోనో బంధిస్తే తలుపు కొరికి గోళ్లు, పళ్లు విరగ్గొట్టుకుంటుంది. తగ్గకపోతే వెటర్నరీ డాక్టర్‌ని ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటిన్ అనే మందు గురించి అడగండి. గుణం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, సొంతంగా మధ్యలో ఆపొద్దు.