లేజర్ కటింగ్, యూనివర్సిటీ ల్యాబ్ – 4వ పాఠం: ‘బర్ వస్తోంది’ని కొలిచే ప్రశ్నగా మార్చడం

మూడో పాఠం ముగిసేసరికి మన షెడ్డు ఇలా ఉంది. గాజులమండ్యం పారిశ్రామికవాడలో 3 కిలోవాట్ల ఫైబర్ లేజర్ మెషిన్. పని 3 మి.మీ. మందం 304 స్టెయిన్‌లెస్ రేకు. గ్యాస్ నైట్రోజన్. పొద్దున పది గంటల దాకా కోత శుభ్రంగా వస్తుంది, మధ్యాహ్నానికి అడుగు అంచున బర్, అంటే కరిగి గడ్డకట్టిన లోహపు ముద్ద, పట్టుకుంటుంది. దాన్ని గీకడానికి గ్రైండర్ దగ్గర ఒక మనిషి రోజంతా కూర్చోవాలి.

ఇప్పుడు మీరు ఏర్పేడు ఐఐటీకో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీకో వెళ్లి ‘బర్ వస్తోంది సార్, ఏదైనా దారి చెప్పండి’ అన్నారనుకోండి. టీ ఇస్తారు, ఎంవోయూ (అవగాహన ఒప్పందం) గురించి మాట్లాడతారు, ఫోటో కూడా తీస్తారు. బర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అవతలివాళ్లకు కావాల్సింది ఇలాంటి ప్రశ్న: ‘3 మి.మీ. 304 రేకు మీద నిమిషానికి 6 మీటర్ల వేగం తగ్గించకుండా బర్ ఎత్తు 50 మైక్రాన్లు దాటకూడదు. ఫోకస్, గ్యాస్ ఒత్తిడి ఏ పరిధిలో ఉంటే ఇది సాధ్యం? మెషిన్ వేడెక్కాక ఆ పరిధి ఎటు జరుగుతోంది?’ ఈ మూడు వాక్యాలు రాయగలిగే స్థితికి రావడమే ఈ పాఠం.

ముందు మన ఇంటి దుమ్ము

ల్యాబ్‌కు వెళ్లే సమస్యల్లో చాలావాటికి ల్యాబ్ అక్కర్లేదు. అందుకని ప్రయోగం మొదలుపెట్టే రోజు పొద్దునే ఇవి చూడండి.

కటింగ్ హెడ్ అడుగునుండే రక్షణ అద్దాన్ని తీసి వెలుతురుకు వాలుగా పట్టుకోండి. మచ్చ కనిపిస్తే తుడవకండి, కొత్తది వేయండి. మచ్చ ఉన్నచోట అద్దం లేజర్‌ను పీల్చి వేడెక్కుతుంది, వేడెక్కిన అద్దం తానే సన్నని లెన్స్‌లా పనిచేస్తుంది, దాంతో ఫోకస్ బిందువు హెడ్ వైపు, అంటే పైకి, జరుగుతుంది. స్క్రీన్ మీద మాత్రం పాత అంకే ఉంటుంది. ‘పొద్దున బాగుంది, మధ్యాహ్నం చెడింది’ అన్నచోట మొదట అనుమానించాల్సింది దీన్నే.

నాజిల్ (లేజర్, గ్యాస్ బయటికి వచ్చే మూతి) మధ్యలో ఉందో లేదో చూడటానికి దాని మూతికి సెలోటేప్ అంటించి, తక్కువ పవర్‌తో ఒక్క పల్స్ కొట్టండి. హెడ్ దగ్గర చేయి పెట్టే ముందు లేజర్ ఆగిందని ఖాయం చేసుకోవాలి. ఇది క్లాస్ 4, అంటే అత్యంత ప్రమాదకర తరగతి లేజర్, దీని 1.07 మైక్రాన్ల కాంతి కంటికి కనిపించదు కాబట్టి దెబ్బ తగిలేదాకా తెలియదు. టేపు మీద పడిన చిల్లు నాజిల్ గుర్తు నడిబొడ్డున ఉండాలి. ముక్కకు నాలుగు వైపులలో ఒక్క వైపే బర్ ఉంటే వేగాన్నీ గ్యాస్‌నూ కదపకండి, ముందు ఈ పరీక్ష చేయండి.

చిల్లర్ (మెషిన్‌ను చల్లబరిచే నీటి యంత్రం) సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో షెడ్డులో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మామూలే. ఆ గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. చిల్లర్ నీటిని 24కు పెట్టి వదిలేస్తే హెడ్ లోపల అద్దాల మీద చెమట పడుతుంది, దాని మీద లేజర్ పడితే అద్దం పోయినట్టే. పాతిక రూపాయల పనికి లక్షల ఖర్చు. షెడ్డు గోడకు తేమ కొలిచే మీటరు ఒకటి తగిలించి, రోజూ రీడింగ్ రాయండి. ల్యాబ్ వాళ్లు తర్వాత అడిగేది కూడా ఈ పుస్తకమే.

బర్ ఎందుకు పడుతుంది

కోతలో కరిగిన స్టీలు సందులోంచి జారి అడుగు అంచు దగ్గర వీడి పడిపోవాలి. గ్యాస్ దాన్ని కిందికి లాగుతుంది, తలతన్యత అంచుకు పట్టి ఉంచుతుంది. గ్యాస్ ఓడిన చోట బొట్టు గడ్డకట్టి బర్ అవుతుంది. ఫోకస్ రేకులోకి దిగితే సందు అడుగున వెడల్పవుతుంది, గ్యాస్ లోపలికి బాగా పోతుంది. అందుకే నైట్రోజన్‌తో స్టెయిన్‌లెస్ కోసేటప్పుడు ఫోకస్ రేకు పైభాగం కంటే కింద, అంటే మైనస్‌లో, పెడతాం. ఆక్సిజన్‌తో మైల్డ్ స్టీలు కోసే లెక్క వేరు, దాన్ని ఇక్కడ కలపకండి.

గ్యాస్ పెంచితే సరిపోతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. ఖర్చు చూడండి. 2 మి.మీ. నాజిల్‌లో 13 బార్ దగ్గర నైట్రోజన్ నిమిషానికి దాదాపు అర ఘనపు మీటరు పోతుంది. 7 ఘనపు మీటర్ల సిలిండర్ పావుగంట కూడా రాదు. నాజిల్‌ను 1.5 మి.మీ.కు తగ్గిస్తే రంధ్రం వైశాల్యం 56 శాతానికి పడిపోతుంది, గ్యాస్ ఖర్చూ అంతే తగ్గుతుంది, కానీ కోతలోకి దిగే ధార సన్నబడుతుంది. ఇలాంటి బేరసారాలు ఊహతో తేలవు.

ముక్క గీయడం

పరీక్ష ముక్కగా 60 × 60 మి.మీ. చదరం చాలు. చదరమే ఎందుకంటే ఎక్స్, వై రెండు దిక్కుల్లోనూ, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కోత పడుతుంది. మూలల దగ్గర మెషిన్ వేగం తగ్గిస్తుంది కాబట్టి ప్రతి వైపూ చివర్లలో 10 మి.మీ. వదిలేసి మధ్య 40 మి.మీ. మాత్రమే కొలుస్తాం. ఇంతకంటే చిన్న ముక్క తీసుకెళితే ల్యాబ్‌లో ఇబ్బంది. అంచు గరుకుతనం, అంటే ఆర్‌జడ్, 10 మైక్రాన్లు దాటితే కొలిచే సూది 12.5 మి.మీ. పొడవునా నడవాలి, ముందూ వెనకా కాస్త జాగా కూడా కావాలి.

ప్రతి ముక్క మీద తక్కువ పవర్‌తో నంబరు, కోత మొదలైన మూల, దిక్కు చూపే బాణం చెక్కండి. మార్కరుతో రాస్తే అసిటోన్‌తో కడిగినప్పుడు పోతుంది. ఇరవై ముక్కలు కడిగాక ఏది ఏదో తెలియక మొత్తం పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

రేకు అంతా ఒకే హీట్ నంబరుది, అంటే మిల్లులో ఒకే దఫా కరిగించి పోసినది, కావాలి. మిల్ సర్టిఫికెట్ నకలు ముక్కలతోపాటే కవరులో పెట్టండి. సగం జిందాల్ రేకు, సగం ఎక్కడిదో తుక్కు రేకు వాడితే మీరు కొలిచేది రేకుల తేడాను.

ఎన్ని కోతలు, ఏ వరసలో

మూడు అంశాలు తీసుకుందాం. వేగం నిమిషానికి 5, 7 మీటర్లు. ఫోకస్ మైనస్ 1.0, మైనస్ 2.5 మి.మీ. ఒత్తిడి 10, 16 బార్. రెండేసి స్థాయిలతో ఎనిమిది కలయికలు వస్తాయి. ఒక్కోటి రెండుసార్లు కోస్తే 16. నడిమి బిందువు, అంటే 6 మీటర్లు, మైనస్ 1.75, 13 బార్, నాలుగుసార్లు. మొత్తం ఇరవై ముక్కలు. నాజిల్‌నూ, రేకు నుంచి దాని ఎత్తునూ ఒక చోట ఆపేయండి, 0.8 మి.మీ. అనుకోండి. ఇరవై ముక్కలకూ కలిపి కోత పొడవు 4.8 మీటర్లే, కోసే సమయం నిమిషం లోపు. సెట్టింగు మార్చుకుంటూ పోవడానికి మాత్రం ఒక పూట పడుతుంది.

వరసను చీటీలు వేసి తీయాలి. 5 మీటర్లవన్నీ ముందు, 7 మీటర్లవన్నీ తర్వాత కోస్తే, అద్దం వేడెక్కడం వల్ల వచ్చిన తేడా వేగం ఖాతాలో పడుతుంది. నడిమి ముక్కలు నాలుగింటికి మాత్రం చీటీలు వద్దు. మొదట ఒకటి, చివర ఒకటి, మధ్యలో రెండు కోయండి. ఒకే సెట్టింగులో కోసిన ఆ నాలుగింటి బర్ పెరుగుతూ పోతే మెషిన్ జరుగుతోందని అర్థం. మధ్యాహ్నం బర్‌కు మనకు దొరికే తొలి సాక్ష్యం ఇదే. కోత మొదలుపెట్టే ముందు పది నిమిషాలు తుక్కు రేకు కోసి మెషిన్‌ను వేడెక్కించండి.

టగుచి ఎల్9 అనే రెడీమేడ్ ప్రయోగ పట్టిక వాడమని విద్యార్థులు తరచుగా అంటారు. తొమ్మిది కోతల్లో నాలుగు అంశాల దాకా తేలుతాయి, థీసిస్‌కు ముచ్చటగా ఉంటుంది. అయితే రెండు అంశాలు కలిసి చేసే ప్రభావం అందులో విడిగా కనిపించదు. లేజర్ కోతలో అసలు కథంతా అక్కడే ఉంటుంది. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు వేసుకుందాం:

ఫోకస్ మైనస్ 1.0, 10 బార్: బర్ 180 మైక్రాన్లు
ఫోకస్ మైనస్ 1.0, 16 బార్: 150
ఫోకస్ మైనస్ 2.5, 10 బార్: 120
ఫోకస్ మైనస్ 2.5, 16 బార్: 30

సగటున చూస్తే ఒత్తిడి పెంచినందుకు 60 మైక్రాన్లు తగ్గింది. ఆ మాట నమ్మి ఫోకస్ పైనుంచుకుని గ్యాస్ పెంచితే మీకు దక్కేది 30 మాత్రమే. ఫోకస్ దించాక పెంచితే 90. ఒక్కో అంశాన్నీ విడివిడిగా తిప్పి చూసే ఆపరేటరుకు ఈ సంగతి ఎప్పటికీ దొరకదు.

బర్‌ను ముక్క ఒక్కో వైపున 8 మి.మీ. ఎడంతో ఐదు చోట్ల డయల్ గేజ్‌తో కొలవండి. మైక్రోమీటరు వద్దు, దాని పళ్లెం వెడల్పు కాబట్టి అది ఎత్తైన బొట్టు మీదే ఆగుతుంది, ప్రతి చోటా గరిష్ఠమే చూపిస్తుంది. సగటు, గరిష్ఠం రెండూ రాసుకోండి. పక్కనే ఇంకో గడి పెట్టి, గోటితో గీకితే రాలిపోయేదైతే ‘గో’ అని, గ్రైండర్ కావాల్సిందైతే ‘గ్రై’ అని రాయండి. మీ ఖర్చు నిజానికి ఆ గడిలోనే ఉంది.

ల్యాబ్‌ను ఏం అడగాలి

బర్ ఎత్తు మీరే కొలిచేశారు, దానికి ఫీజు కట్టకండి. అడగాల్సినవి వేరు. ఐఎస్ఓ 9013 (వేడితో కోసిన అంచులకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం అంచు నిటారుతనం, గరుకుతనం. అడ్డకోత నమూనా మైక్రోస్కోప్ కింద: 20 మి.మీ. ముక్కను రెజిన్‌లో పోసి, 1 మైక్రాన్ డైమండ్ దాకా పాలిష్ చేసి, 10 శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో 6 వోల్టుల కరెంటుతో ఎచ్ చేసి (పైపొరను కాస్త తినిపించి) చూస్తారు. అన్నిటికన్నా ముందు పవర్ మీటరుతో హెడ్ కింద నిజంగా ఎన్ని వాట్లు దిగుతున్నాయో చూడమనండి. స్క్రీన్ మీద 3000 అని ఉన్నంతమాత్రాన రేకు మీదా 3000 పడుతోందని కాదు.

ల్యాబ్‌లో ఉన్న లేజర్ మీద ప్రయోగం చేసి సెట్టింగు ఇస్తామంటే ఒక లెక్క అడగండి. ఫైబర్ కోర్ (కాంతి నడిచే లోపలి దారం) 50 మైక్రాన్లు, కొలిమేటర్ (కాంతిని సమాంతరం చేసే లెన్స్) 100 మి.మీ., ఫోకస్ లెన్స్ 150 మి.మీ. అయితే రేకు మీద పడే లేజర్ మచ్చ 75 మైక్రాన్లు. కోర్ 100 అయితే మచ్చ 150. రెండూ 3 కిలోవాట్లే, కానీ మొదటిదాని సాంద్రత చదరపు సెంటీమీటరుకు దాదాపు 68 మెగావాట్లు, రెండోదానిది 17. ఒకదాని సెట్టింగు రెండోదానికి పనికిరాదు. కాబట్టి మొదటి దఫా కోతలు మీ షెడ్డులోనే జరగాలి. విద్యార్థిని మీ దగ్గరికి పంపమని అడగడానికి మొహమాటపడకండి.

కాగితం

ఎంవోయూ ఎవరినీ ఏ పనికీ కట్టిపడేయదు. పని జరిగేది మూడు దారుల్లో. ముక్కకు ఇంత అని పరీక్ష ఫీజు. కొన్ని నెలల కన్సల్టెన్సీ. ఏడాది, రెండేళ్ల ప్రాయోజిత పరిశోధన. మన బర్‌కు మొదట పరీక్ష ఫీజు, తర్వాత కన్సల్టెన్సీ చాలు. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపి బడ్జెట్ వేసుకోండి. ఎంటెక్ విద్యార్థితో చేయించాలంటే చివరి ఏడాది ప్రాజెక్టులు సాధారణంగా జులై, ఆగస్టుల్లో మొదలై మే, జూన్‌కు ముగుస్తాయి. జనవరిలో వెళితే మంచి విద్యార్థి మిగలడు. మీ ప్రశ్న జూన్‌లోనే ప్రొఫెసర్ బల్ల మీద ఉండాలి.

గొడవ వచ్చేది పేపర్ ప్రచురణ దగ్గర. వాళ్లకు ప్రచురించాలి, మీకు దాచుకోవాలి. ఇద్దరిదీ న్యాయమే. ఒప్పందంలో ఇలా రాసుకోవచ్చు: పేపర్ పంపే ముందు 30 రోజులు కంపెనీ చదువుకోవాలి, బర్ ఎందుకు పడుతుందన్న వివరణ ప్రచురించవచ్చు, సెట్టింగుల పట్టిక, కస్టమర్ డ్రాయింగు బయటికి రాకూడదు. పేటెంటు ఆలోచన ఉంటే ప్రచురణకు ముందే ప్రొవిజనల్ దరఖాస్తు పడాలి. అక్కడి నుంచి పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు ఉంటుంది. ముందు పేపర్ వచ్చేస్తే కొత్తదనం పోయినట్టే.

పెద్ద ఎత్తున ఈ పని ఎలా చేస్తారో చూడాలంటే జర్మనీలోని ఆఖెన్ ఉంది. 1985లో మొదలైన అక్కడి ఫ్రాన్‌హోఫర్ లేజర్ సంస్థకూ, పక్కనున్న ఆర్‌డబ్ల్యూటీహెచ్ యూనివర్సిటీ లేజర్ పీఠానికీ చాలా ఏళ్లు అధిపతి ఒకరే. కంపెనీ అడిగిన ప్రశ్న సాయంత్రానికి విద్యార్థి బల్ల మీద ఉంటుంది. మనకు దగ్గరలో, లేజర్ పనికే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉన్నది హైదరాబాద్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో.

ఈ వారం పని

ఇరవై ముక్కలు కోయండి. తేదీ, సమయం, షెడ్డు వేడి, తేమ, వేగం, ఫోకస్, ఒత్తిడి, నాలుగు వైపుల బర్ సగటు, గరిష్ఠం, ‘గో’ లేదా ‘గ్రై’ – ఈ గడులతో ఒక పట్టిక నింపండి. నడిమి ముక్కలు నాలుగింటినీ వేరే కాగితం మీద గంటల వారీగా గీయండి. ఆ గీత పైకి పోతోందా, అడ్డంగా ఉందా చూసి పెట్టుకోండి. 5వ పాఠంలో రక్షణ అద్దం మార్చకముందు, మార్చాక ఫోకస్ ఎన్ని మైక్రాన్లు జరిగిందో రేకు మీద గీతలు కోసి తేల్చే పద్ధతి ఆ కాగితంతోనే మొదలవుతుంది.