అలంపూర్ గుళ్ళు, మ్యూజియం ఒకే రోజులో: దోస్తుతో ఎలా వెళ్ళాలి?

మహబూబ్‌నగర్ నుంచి అలంపూర్ పోయేవాళ్ళలో చాలామంది జోగులాంబ దర్శనం చేసుకుని అటే తిరుగు బస్సెక్కుతారు. అక్కడే ఉన్న పురావస్తు మ్యూజియం గడప తొక్కరు. చేతికందే దూరంలో ఉన్న శిల్పాలను చూడకుండా రావడం నిజంగా బాధాకరం. అందుకే ఇద్దరికి సరిపోయే ఈ ప్లాన్: పొద్దున గుళ్ళు, పదిన్నరకు టిఫినూ భోజనమూ కలిపి ఒకటే తిండి, ఎండ ముదిరాక మ్యూజియం. ఈ వరుస తప్పితే కష్టం. గుళ్ళ ఆవరణలో చెప్పులు లేకుండా నడవాలి, పదకొండు దాటితే బండలు కాళ్ళు కాలుస్తాయి.

రోజు ఎంచుకోవడం

శుక్రవారం వద్దు. మ్యూజియానికి సెలవు, అమ్మవారి గుడిలోనేమో రద్దీ. మంగళవారం కూడా జనం ఎక్కువే. బుధ, గురువారాలు హాయి. నెలల్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, శివరాత్రి రోజులు మాత్రం వదిలేయండి.

తిండి: ఇంటి నుంచే

జొన్న రొట్టె, పల్లి పొడి, ఉల్లిగడ్డ. ఎండలో చెడిపోనివి ఇవే. కొబ్బరి చట్నీ, పప్పు తీసుకుపోతే తినే వేళకు పులుస్తాయి.

పల్లి పొడి ముందురోజు రాత్రే చేసుకోండి. కప్పు పల్లీలు సన్నని మంట మీద వేయించి, చల్లారాక పొట్టు తీయండి. వేయించిన ఎండుమిర్చి ఆరు, జీలకర్ర అర చెంచా, ఎల్లిపాయ రెబ్బలు ఐదు, తగినంత ఉప్పు వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే పల్లీల నూనె బయటికొచ్చి పొడి కాస్తా ముద్దవుతుంది. పల్లీలు వేడిగా ఉన్నప్పుడు వేసినా అంతే.

రొట్టెలు పొద్దున్నే. ఆరు రొట్టెలకు మూడు కప్పుల పిండి, సుమారు రెండున్నర కప్పుల నీళ్ళు. రెండు కప్పుల నీళ్ళు ఉప్పేసి తెర్లనిచ్చి, పిండిలో పోసి గరిటెతో కలిపి ఐదు నిమిషాలు మూత పెట్టండి. తర్వాత మిగతా నీళ్ళు చిలకరిస్తూ అరచేత్తో గట్టిగా పిసకండి. గోధుమ పిండికున్న సాగే గుణం జొన్న పిండికి లేదు. వేడి నీళ్ళతోనే దానికి జిగురొస్తుంది. అంచులు పగులుతున్నాయంటే నీళ్ళు సరిగా కాగలేదు, లేదా పిండి పాతది. తట్టిన రొట్టె పెనం మీద వేయగానే పైన తడిగుడ్డతో నీళ్ళు రాయండి. ఆ తడి ఆరీ ఆరగానే తిప్పాలి. ఆలస్యమైతే రొట్టె పొంగదు.

వేడి రొట్టెలను స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించొద్దు, చెమట పట్టి అతుక్కుపోతాయి. ఆవిరి పోయాక నూలు గుడ్డలో చుట్టండి.

దారి

భూత్పూర్ దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కితే కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన, ఎర్రవల్లి, ఆ తర్వాత అలంపూర్ చౌరస్తా. సొంత బండి అయితే దాదాపు రెండు గంటలు. బస్సులో అయితే కర్నూలు బస్సెక్కి చౌరస్తాలో దిగి, ఊళ్ళోకి ఆటో పట్టుకోవాలి. ఆరుకల్లా బయలుదేరండి.

గుళ్ళలో ఏం చూడాలి

నవబ్రహ్మ ఆలయాలు అంటారు గానీ అన్నీ శివాలయాలే. ఏడో శతాబ్దం నుంచి బాదామి చాళుక్యులు తుంగభద్ర ఒడ్డున కట్టినవి. తొమ్మిదీ ఒకే తీరుగా చూస్తే సగంలోనే అలసట వస్తుంది. మొక్కు ఉన్నవాళ్ళు ఈ తొమ్మిదిట్లో ఒకటైన బాల బ్రహ్మ గుడికి ముందు పోండి, మిగతా సమయమంతా స్వర్గ బ్రహ్మ గుడికి ఇవ్వండి. చాళుక్య రాజు వినయాదిత్యుని కాలపు శాసనం ఉన్నది అక్కడే. బయటి గోడల చుట్టూ తిరుగుతూ మూలల్లో దిక్పాలకులను వెతకండి. చాలా గుళ్ళు తూర్పు ముఖం కాబట్టి పొద్దుటి వెలుగు ద్వారాల చెక్కడం మీద పడుతుంది.

గుడి పచ్చిక మీద తినకుండా బయట నీడ చూసుకోండి. ఉల్లిగడ్డ అక్కడే కోయండి.

మ్యూజియంలో

పదకొండున్నరకు లోపలికి పోతే గంటన్నర చాలు. ఫొటోలకు అనుమతి ఉందో లేదో ముందే అక్కడి సిబ్బందిని అడగండి.

అన్నీ చూడాలని పరుగెత్తొద్దు. ఇద్దరూ చెరో మూడు శిల్పాలు ఎంచుకోండి. బోర్డు చదవకముందే ఒకరు చూసింది చూసినట్టు చెప్పాలి: చేతులెన్ని, ఏం పట్టుకున్నాయి, కాలు ఎటు మడిచింది, ఏ భాగం విరిగింది. తర్వాత రెండోవారు బోర్డు చదవాలి. ఇలా చూసినవి మరిచిపోరు.

లజ్జా గౌరిని మాత్రం ఇద్దరూ చూడండి. తల ఉండాల్సిన చోట విచ్చిన తామర. విరిగిపోయిందనుకుంటారు, కాదు, చెక్కడమే అలా. సంతానం కోసం మొక్కిన దేవత. పక్క నుంచి వంగి చూస్తే రేకుల లోతు తెలుస్తుంది.

సాయంత్రం

ఓపికుంటే ఊరి చివర సంగమేశ్వరాలయం చూడండి. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగే కూడవెల్లి నుంచి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన గుడి. చీకటి పడకముందే చౌరస్తా చేరేటట్టు ఆటో మాట్లాడుకోండి, పొద్దుపోయాక ఊళ్ళో ఆటోలు దొరకడం కష్టం.