డీసీసీ బూస్టర్‌లో షార్ట్ పట్టడం: ఎన్ని యాంపులకి, ఎంతసేపటికి ఆపాలి

డీసీసీ అంటే మోడల్ రైళ్లకి పట్టాల ద్వారానే కరెంటునీ డిజిటల్ ఆదేశాల్నీ పంపే పద్ధతి, పట్టాలకి ఆ కరెంటు ఇచ్చేదే బూస్టర్. గుంతకల్లు యార్డు లాంటి పెద్ద మోడల్ లేఔటును హెచ్‌ఓ స్కేల్లో (అసలులో 87వ వంతు) కట్టుకున్నవాళ్లకి షార్టులు కొత్త కాదు. పాయింటు (పట్టాలు చీలే చోటు) మీద ఒక్క చక్రం పక్కకి జరిగినా చాలు. కరెంటు పెరిగిందని తెలుసుకోవడం తేలికే. అది నిజంగా షార్టా, లేక ఇంజిన్లలో ఆదేశాలు చదివే సౌండు డీకోడర్ల కెపాసిటర్లు ఒక్కసారిగా ఛార్జవుతున్నాయా అన్నది తేల్చడమే కష్టం. మొదటి కొన్ని మిల్లీసెకన్లు రెండూ ఒకేలా ఉంటాయి.

ఇక్కడ చెప్పేది ఎల్‌ఎండీ18200 చిప్‌ (పట్టాల ధ్రువం మార్చే నాలుగు స్విచ్చుల హెచ్-బ్రిడ్జ్), ఆర్డుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)తో చేసే 3 యాంపుల బూస్టర్ గురించి. సప్లైకి 15 వోల్టులు, 5 యాంపుల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) పెట్టండి. సరిగ్గా 3 యాంపులదే పెడితే షార్ట్ పడగానే ముందు ఎస్‌ఎంపీఎస్సే పడిపోతుంది. దాని మీదే నడిచే ఆర్డుయినో రీసెట్ అవుతుంది, ఇక షార్టును పట్టేవాడే ఉండడు.

చిప్‌లో 8వ పిన్ కరెంటు చెబుతుంది: ఒక యాంపుకి 377 మైక్రోయాంపులు. ఆ పిన్ నుంచి గ్రౌండుకి 2.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే యాంపుకి దాదాపు ఒక వోల్టు వస్తుంది. అక్కడి నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఆర్డుయినో అనలాగ్ పిన్‌కి తీసుకెళ్లి, ఆ పిన్ దగ్గర గ్రౌండుకి 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. దీని టైం కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను. డీసీసీలో ‘ఒకటి’ బిట్టు సగం 58 మైక్రోసెకన్లే కాబట్టి, ధ్రువం మారిన ప్రతిసారీ వచ్చే ముళ్లు ఇక్కడే చచ్చిపోతాయి. షార్ట్‌లో 8వ పిన్ 5 వోల్టులు దాటినా ఆ 10 కిలో ఓమ్‌లే ఆర్డుయినోని కాపాడతాయి.

లెక్క ప్రకారం 3 యాంపులకి ఆర్డుయినో రీడింగ్ (5 వోల్టులకి 1023) 625 దగ్గర రావాలి. కానీ చిప్‌కీ చిప్‌కీ తేడా ఉంటుంది, లెక్కని నమ్మకండి. పట్టాలకి 10 ఓమ్‌లు, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తగిలించి (ముట్టుకోకండి, కాలుతుంది), ఎస్‌ఎంపీఎస్ నుంచి బూస్టర్‌కి వెళ్లే డీసీ వైర్లో మల్టీమీటర్ పెట్టి అసలు కరెంటు చూసుకోండి. పట్టాల వైపు కొలిస్తే మామూలు మీటర్లు డీసీసీ అలని తప్పుగా చూపిస్తాయి. రీడింగ్‌కీ అసలు కరెంటుకీ వచ్చిన నిష్పత్తితో ఆ 3 యాంపుల పరిమితి సరిచేసుకోండి.

ఇక ప్రోగ్రాం. మిల్లీసెకనుకోసారి రీడింగ్ తీసుకోవాలి. పరిమితి దాటితే లెక్కకి ఒకటి కలపాలి, దాటకపోతే ఒకటి తీసెయ్యాలి, సున్నా కింద మాత్రం పోనివ్వద్దు. సున్నాకి రీసెట్ చేసేవాళ్లే ఎక్కువ, అది తప్పు: మెరుపులు రాలుస్తూ తగిలీతగలని షార్టును ఆ ప్రోగ్రాం ఎప్పటికీ పట్టదు. లెక్క 40కి చేరితే ఆపండి. ఇంకా తగ్గించాలనిపిస్తుంది గానీ, రివర్స్ లూప్ (రైలు చుట్టి తిరిగి అదే పట్టా మీదికి ఎదురుగా వచ్చే చోటు) మాడ్యూలు షార్టు చూసి ధ్రువం తిప్పేలోపే బూస్టర్ పడిపోతే లూపు పనిచేయదు.

ఆపడమంటే చిప్‌లో పీడబ్ల్యూఎం పిన్‌ని (అవుట్‌పుట్‌ని ఆన్, ఆఫ్ చేసేది) కిందికి లాగడం ఒక్కటే కాదు. అలా చేస్తే రెండు అవుట్‌పుట్లూ సప్లైకి అంటుకునే ఉంటాయి. పక్క సెక్షన్‌లో రెండో బూస్టర్ ఉండి, ఇంజిను ఆ రెండు సెక్షన్ల మధ్య గ్యాప్ మీద నిలబడితే కష్టం. బ్రేక్ పిన్ పైకి, పీడబ్ల్యూఎం కిందికి పెడితేనే నాలుగు స్విచ్చులూ తెరుచుకుంటాయి.

రెండు సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయండి. ఆన్ చేశాక మొదటి 150 మిల్లీసెకన్లు లెక్క పెట్టొద్దు. మన దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంజిన్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఈ సడలింపు లేకపోతే బూస్టర్ ఆన్, ఆఫ్ అంటూ కూర్చుంటుంది. అప్పటికీ లేవకపోతే ఇంజిన్లు తీసేసి ఒక్కోటే పెట్టి చూడండి. తప్పు చేస్తున్నదాని కెపాసిటర్‌కి 100 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో వేసి, ఛార్జ్ నెమ్మదిగా, డిశ్చార్జ్ నేరుగా జరిగేలా రెసిస్టర్‌కి సమాంతరంగా డయోడ్ పెట్టండి.

చిప్ వేడెక్కితే దానంతట అదే ఆగుతుందిలే అని వదిలేయకండి. అది ఆగేది 170 డిగ్రీల దగ్గర. 3 యాంపుల దగ్గర చిప్ లోపలే 6 వాట్లకి పైగా కాలుతుంది. అనంతపురం ఎండాకాలంలో మిద్దె గదిలో 40 డిగ్రీల గాలి చల్లార్చేది తక్కువ. హీట్‌సింక్ పెద్దదే వేయండి. చిప్ లోహపు ట్యాబ్ గ్రౌండే కాబట్టి మధ్యలో కరెంటు అంటకుండా మైకా అక్కర్లేదు, కాకపోతే ఆ హీట్‌సింక్ వేరే దేనికీ తగలకూడదు.

చివరగా బిళ్ల పరీక్ష. ఇంజిన్లన్నీ తీసేసి, ఐదు రూపాయల బిళ్లని స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో నొక్కి పట్టాల మీద అడ్డంగా పెట్టండి. 16.5 మిల్లీమీటర్ల గేజిని సులువుగా దాటుతుంది. ప్రతి పట్టా ముక్క మీదా, ప్రతి పాయింటు దాటాకా చేయాలి. ఎక్కడైనా ట్రిప్ కాలేదంటే ఆ దారిలో రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల దగ్గరికి చేరిందన్నమాట: పట్టాల్ని కలిపే జాయినర్ వదులైందో, పట్టాలకి కరెంటు తెచ్చే ఫీడర్ వైరు సన్నదో. 2.5 యాంపులే పారితే బూస్టర్ కిమ్మనదు, ఆ దారిలో మాత్రం 37 వాట్లు కాలుతూ ప్లాస్టిక్ స్లీపర్లని కరిగిస్తాయి. పరిమితి తగ్గించి సర్దుకోకుండా, కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల హౌస్ వైరు బస్సుగా (ఫీడర్లన్నిటికీ కరెంటు పంచే ప్రధాన వైరుగా) లాగి, అక్కడ కొత్త ఫీడర్ సోల్డర్ చేయండి.