ఫ్లోరైడ్ చీటీ చేతికొచ్చాక ఖర్చు ఎలా తగ్గించుకున్నామంటే

మా అత్తయ్యకు గొంతు కేన్సర్ నయమైంది కానీ, రేడియేషన్ దెబ్బకు నోట్లో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోయింది. ఏడాది తిరక్కుండానే చిగుళ్ల అంచున పళ్లు గోధుమరంగుకు మారి మెత్తబడటం మొదలైంది. పళ్ల డాక్టరు రెండు రాశారు. ఒకటి పళ్లు పుచ్చకుండా రోజూ వాడే 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5,000 పాళ్లు) ఫ్లోరైడ్ పేస్టు, రెండోది మూడు నెలలకోసారి ఆయనే పళ్లమీద పూతలా పూసే ఫ్లోరైడ్ వార్నిష్. ఎన్నాళ్లని అడిగితే పళ్లున్నన్నాళ్లూ అన్నారు. "ఉన్నవెన్నని? పీకించేస్తే పోలా" అంది అత్తయ్య బయటికొచ్చాక. ఇంట్లో మందుల లెక్క రాసేది నేనే. అందుకని పీకించే మాట పక్కనపెట్టి నోటుబుక్కు తీశాను.

ముందు ఈ రెండింటినీ విడదీయండి. పేస్టు మందు కిందకి వస్తుంది, వార్నిష్ వైద్యం కిందకి వస్తుంది. బీమా ఉంటే చాలాసార్లు ఈ రెండూ వేర్వేరు ఖాతాల్లో పడతాయి. పేస్టు సంగతి మందుల కవరేజీ చూసేవాళ్లను, వార్నిష్ సంగతి పళ్ల కవరేజీ చూసేవాళ్లను అడగాలి. "ఫ్లోరైడ్‌కి డబ్బులిస్తారా?" అని పొడిగా అడిగితే లేదనే అంటారు, నాకూ అదే జరిగింది. వయసు పరిమితి ఉందా, ఏడాదికి ఎన్నిసార్లు, ముందస్తు అనుమతి కావాలా, ఈ మూడూ విడివిడిగా అడగండి. చాలాచోట్ల ఫ్లోరైడ్ అంటే పిల్లలకే అన్న లెక్క ఉంటుంది. పెద్దవాళ్లకు కావాలంటే కారణం చూపించాలి.

ఆ కారణం కాగితం మీద ఉండాలి. మా మొదటి క్లెయిము "టూత్‌పేస్టు" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. అప్పుడు డాక్టరుగారిని ఒక ఉత్తరం అడిగాను. మెడకు రేడియేషన్ ఎప్పుడైంది, లాలాజలం ఎంత తగ్గింది, ఏడాదిలో ఎన్ని పళ్లు పుచ్చాయి, మందు ఏ మోతాదులో ఎంతకాలం వాడాలి, ఇదంతా అరపేజీలో రాసిచ్చారు. దానికి కేన్సర్ ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ జతచేసి మళ్లీ పంపాను. ఈసారి పేస్టుకు ఒప్పుకున్నారు, వార్నిష్‌కి ఒప్పుకోలేదు. సగం దక్కినా నయమే. ఎప్పుడు కాదన్నా, ఎందుకు కాదన్నారో రాతలో అడిగి తీసుకోండి. మీ రెండో ఉత్తరం సరిగ్గా ఆ మాటకే జవాబవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ జెల్, వార్నిష్‌లను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇది సోకు కోసం వాడేది కాదని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.

ఇక మందుల షాపు. చీటీ మీద బ్రాండు పేరే ఉంటే షాపువాళ్లు అదే ఇస్తారు. జెనరిక్ పేరు, అంటే కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, కూడా రాయమని డాక్టరును అడగండి: సోడియం ఫ్లోరైడ్ 1.1 శాతం. 5,000 పీపీఎం అన్నా అదే. జివ్వుమనకుండా ఉండటానికి పొటాషియం నైట్రేట్ కలిపిన రకం కూడా ఉంది. మాకు అదే ఇచ్చారు, అదే ఎక్కువ ఖరీదు. అత్తయ్యకు పళ్లు జివ్వుమనే బాధే లేదు! డాక్టరును అడిగితే "మామూలుది చాలు" అని ఒక్క నిమిషంలో మార్చి రాశారు. డబ్బు సంగతి డాక్టరు దగ్గర ఎత్తడం నామోషీ అనుకుని నాలుగు నెలలు నోరు మూసుకున్నందుకు నామీద నాకే కోపమొచ్చింది.

ధర చూసేటప్పుడు ట్యూబు ధర కాదు, రోజు ఖర్చు చూడండి. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. పూటకు అంత చొప్పున రెండు పూటలు వాడితే 50 గ్రాముల ట్యూబు వంద రోజులొస్తుంది. అత్తయ్య బ్రష్షు నిండా పరిచేది, ట్యూబు నెలకే ఖాళీ. అయితే అందరికీ బఠాణీ గింజ కొలతే కాదు, కొందరికి ఎక్కువ రాస్తారు. కొలత కూడా చీటీలోనే రాయించుకుని దానికే కట్టుబడండి. తోమాక ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే కొన్న మందు సింకులోకి పోయినట్టే.

మామూలు పేస్టు రెండింతలు పెడితే సరిపోదా అని మా ఆయన లెక్క వేశారు. సరిపోదు. 1,450 పీపీఎం పేస్టు ఎంత పెట్టినా దాని గాఢత 1,450 దగ్గరే ఉంటుంది. ఇంకో సంగతి, ఈ ట్యూబును ఇంట్లో అందరూ పంచుకోకూడదు. చిన్నపిల్లలకైతే అసలు అందనివ్వకండి, మింగితే ప్రమాదం.

వార్నిష్‌కి మేం డెంటల్ కాలేజీకి మారాం. పూసేది విద్యార్థులు, పక్కన ప్రొఫెసరు ఉంటారు. పూయడం కొద్ది నిమిషాల పనే, మన వంతు కోసం కూర్చోవడానికే పూట పోతుంది. ఫీజు మాత్రం ప్రైవేటు క్లినిక్ కంటే బాగా తక్కువ. మందు సాధారణంగా ఎక్కడైనా అదే, 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం. ప్రైవేటు క్లినిక్‌లోనే కొనసాగాలనుకుంటే, క్లీనింగుకు వెళ్లిన రోజే పూయమనండి, విడిగా కన్సల్టేషన్ ఫీజు పడకుండా. వాయిదాల్లో కట్టొచ్చా అని కూడా అడగండి. క్లినిక్ గోడ మీద రాసి పెట్టకపోయినా అడిగితే ఒప్పుకునేవాళ్లున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో దంత విభాగం ఉంటే ముందు అక్కడే కనుక్కోండి.

తక్కువకు వస్తుందని అరడజను ట్యూబులు కొనకండి, గడువు తేదీ చూసి రెండు చాలు. అయిపోయిందనుకున్న ట్యూబును అడుగున కత్తిరిస్తే ఇంకో మూడు నాలుగు రోజులకు వస్తుంది. ఆ కత్తెర ఇప్పుడు అత్తయ్య బ్రష్షు పక్కనే ఉంటుంది. పీకించేస్తే పోలా అన్న మనిషే, నేను తొందరపడి ట్యూబు పారేస్తే చెత్తబుట్టలోంచి తీసి మరీ చూపిస్తుంది.