సెంటాస్ 7 ఆగిపోయాక మా బిల్లింగ్ సర్వర్‌ని దేనికి మార్చానంటే

మా మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ అంతా సెంటాస్ 7 అనే లినక్స్ ఓఎస్ (సర్వర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీదే నడిచేది. 2024 జూన్ 30తో దానికి సపోర్ట్ ఆగిపోయింది, ఆ తర్వాత ఒకరోజు అప్‌డేట్లు దింపే యమ్ అప్‌డేట్ కమాండ్ కొడితే మిర్రర్‌లిస్ట్ (డౌన్‌లోడ్ సర్వర్ల జాబితా) అడ్రస్ దొరకడం లేదని ఎర్రర్. ఒకటే టెన్షన్. ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించాలో చెప్పే రెపో ఫైళ్లలో అడ్రస్‌ని వాల్ట్‌కి, అంటే పాత వెర్షన్లు దాచే ఆర్కైవ్‌కి మారిస్తే ప్యాకేజీలు దిగాయి కానీ అక్కడికి కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు.

విండోస్ సర్వర్ చూశాం. సర్వర్ లైసెన్స్ కాకుండా వాడే ప్రతి మనిషికో మెషీన్‌కో ఇంకో లైసెన్స్ కొనాలి, చిన్న షాపుకి అది భారమే. ఉబుంటు లినక్స్ మంచిదే, కానీ నేను ఆల్మాలినక్స్ 9 తీసుకున్నాను: సెంటాస్ లాంటిదే కాబట్టి అలవాటైన కమాండ్లే, పైగా 2032 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

అసలు పనంతా మా బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిన పీహెచ్‌పీ భాష దగ్గర పడింది. మా కోడ్ పీహెచ్‌పీ 5.4 కాలం నాటిది, అందులో డేటాబేస్‌తో మాట్లాడటానికి వాడిన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లని పీహెచ్‌పీ 7లోనే తీసేశారు, కొత్త సర్వర్‌లో ఉన్నదేమో 8. ఓఎస్ ఎంచుకునే ముందే ఇది చూసుకోవాల్సింది, మీరు మాత్రం తప్పకుండా చూసుకోండి. ఒక్కో ఫైలూ తెరిచి వాటి బదులు వాడే మైఎస్‌క్యూఎల్‌ఐ ఫంక్షన్లకి మార్చాను, వారం రోజులు పాత సర్వర్‌లోనూ కొత్త దాంట్లోనూ అవే బిల్లులు కొట్టి లెక్కలు సరిపోయాకే, ఆదివారం రాత్రి డేటా మొత్తం కొత్త దాంట్లోకి ఎక్కించాం.