పుస్తకం అచ్చుకు - 4వ పాఠం: ‘ప్రతులకు’ అన్న మాట దగ్గర ఆగండి

పోయిన పాఠంలో రాతప్రతికి డి.టి.పి. (కంప్యూటర్‌లో అక్షరాల కూర్పు) చేయించి, ప్రూఫులు దిద్దుకున్నాం. ఇక దాన్ని ఎవరికి పంపాలి? చిక్కంతా ఇక్కడే. పలుకుబడి ఉన్నవాళ్ల పుస్తకాలే వేస్తారన్న అపోహ కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఈ వారం విశాఖ ద్వారకానగర్‌లోని పౌరగ్రంథాలయానికి వెళ్లండి. కథల సంపుటాలు పది తీయండి. కథలు చదవవద్దు, ముద్రణ వివరాల పేజీ ఒక్కటే చూడండి. నోటుబుక్కులో ‘ప్రచురణ’, ‘ప్రతులకు’ (అంటే పుస్తకం దొరికే చోటు) అని రెండు గడులు గీసి పేర్లు ఎక్కించండి. కొన్నింటికి మొదటి గడిలో రచయిత భార్య పేరో, సొంత ఇంటి చిరునామానో వస్తుంది. పెద్ద సంస్థ పేరు మాత్రం రెండో గడిలోకి వెళ్తుంది. అంటే సాధారణంగా అచ్చు ఖర్చు రచయితది, ఆ సంస్థ కమీషన్ మీద అమ్మిపెడుతోంది, అంతే. ‘ఆయనకు పలుకుబడి ఉంది కాబట్టి వేశారు’ అని మనం కుళ్లుకునే పుస్తకాల్లో ఇలాంటివీ ఉంటాయి.

నిజంగా తన డబ్బు పెట్టే ప్రచురణకర్త చూసేది వేరు. కాగితం, బైండింగు, దుకాణాల కమీషన్ పోను పెట్టుబడి తిరిగి వస్తుందా? తన పాత పుస్తకాలు కొన్నవాళ్లు దీన్నీ కొంటారా? నేను మొదటిసారి రాతప్రతికి మూడు ముందుమాటలు, ఒక సన్మానం ఫొటో జతచేసి పంపాను. తిరిగొచ్చింది. కథలు బాగాలేవనుకుని రెండేళ్లు కుమిలిపోయాను. ఆ సంస్థ వేసేవి పంచాంగాలు, వ్రతకథలు, వంటల పుస్తకాలు అని తర్వాత తెలిసింది! ఫొటో మాత్రం బాగానే వచ్చింది లెండి.

విశాఖలో ఉంటే ఎవరూ పట్టించుకోరన్నది ఇంకో అపోహ. కథకుడు రావిశాస్త్రి ఇక్కడ వకీలుగా ఉంటూనే రాశారు.

కథ దొంగిలిస్తారన్న భయం కూడా వదిలేయండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. జాగ్రత్త పడవలసింది ఒప్పందం దగ్గర. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగానే ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లని లెక్క.

అభ్యాసం: రెండు గడుల్లోనూ ఒకే సంస్థ పేరున్న పుస్తకాలు విడిగా పెట్టండి. ఆ సంస్థ ఇతర ప్రచురణల జాబితా ఉంటే రాసుకోండి. మీ పుస్తకం అందులో దేని పక్కన ఇముడుతుందో ఒక్క వాక్యంలో చెప్పండి. ‘దేని పక్కనైనా’ అని రాసినవాళ్లు మళ్లీ ద్వారకానగర్ బస్సెక్కాలి.