రోజుల ఏ పూట ఖరాబైతుందో ముందుగాల దొర్కవట్టుండ్రి

పొద్దుగాల నాలుగింటికి లేవాలె, చన్నీళ్లు పోసుకోవాలె, కండ్లు మూస్కొని ధ్యానం చెయ్యాలె, అద్దం ముంగట నిలవడి నేను గెలుస్త గెలుస్త అనుకోవాలె, ఇసోంటి వీడియోలు యూట్యూబ్‌ల కుప్పలు కుప్పలు ఉన్నయ్, చూసినంత సేపు మస్తు జోష్ వస్తది, మూడో రోజుకు అలారం బంద్ వెట్టి మల్ల ముసుగు తన్ని పంటం. అందుకు మనల్ని మనం తిట్టుకునుడు దండుగ. ఆ చెప్పేటాయనకు మన గల్లీల నల్లా ఎన్నిటికి వస్తదో తెల్వదు, పిల్లల స్కూల్ ఆటో ఎన్నిటికి హారన్ కొడ్తదో తెల్వదు, హైదరాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేసేటోడు రాత్రి ఎన్నిటికి ఇల్లు చేరుతడో అసలే తెల్వదు. నన్ను అడిగితె నల్లగొండల, పాలమూర్ల బతికే మనసోంటోళ్లకు తెల్లారగట్ల లేస్తె దొరికే సుఖం కంటె రాత్రి ఎనిమిది నుంచి పది దాక ఇంట్ల లొల్లి లేకుంట గడిస్తె దొరికే సుఖమే ఎక్కువ.

అందుకే జీవితం మొత్తం మార్చాలె అనే ముచ్చట జర పక్కకు వెట్టుండ్రి. ప్రతి మనిషికి రోజుల ఏదో ఒక పూట మనసు ఖరాబయ్యే టైం ఉంటది. అది యాడుందో పట్టుకొని, దాన్నొక్కదాన్నే సాఫ్ చేసుకునుడు, ఇయ్యాల నేను చెప్పేది గంతె.

ఎట్ల పట్టుకోవాలె అంటె, గోడకు క్యాలెండర్ ఉంటది గద, పాలాయన లెక్క, గ్యాస్ బండ తారీకు, చిట్టి కట్టిన తారీకు అన్ని రాస్తం చూడు, ఆ తారీకు గళ్లనే రాత్రి పండుకునే ముందు రెండు ముక్కలు రాయుండ్రి. ఇయ్యాల ఏ టైంకు మంచిగ అనిపించింది, ఏ టైంకు చిరాకు లేసింది. “7కు ఫోన్, చిరాకు”, “పొద్దుగాల అమ్మతోని మాట్లాడిన, మంచిగ”, గట్ల. కొత్త డైరీ మాత్రం కొనకుండ్రి, కొన్న డైరీ ఎవలింట్ల అయిన సంక్రాంతి దాక కూడ నడ్వదు. మంచిది కూడ రాయమనుడు ఊకెనే కాదు, అమెరికాల ఇద్దరు సైకాలజిస్టులు 2003ల అచ్చేసిన ప్రయోగంల వారానికోపారి తమకు జరిగిన మంచి సంగతులు, ఐదు దాక, రాసుకున్నోళ్లు, చిరాకులు రాసుకున్నోళ్ల కంటె తమ బతుకు మీద తృప్తిగ ఉన్నరని తేలింది. మనకు రెండూ కావాలె, మంచిది మనసుకు, చిరాకుది లెక్కకు.

రెండు వారాలు రాసినంక క్యాలెండర్ దిక్కు ఒకపారి చూస్తె అదే టైం మల్ల మల్ల కనవడ్తది. దుకాణం నడిపేటోళ్లకు ఎండకాలం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, గిరాకీ ఉండదు, ఈగలు తోలుకుంట ఫోన్ చూసుకుంట అప్పులు యాదికొస్తయ్. ఇంట్ల ఉండే ఆడోళ్లకు పదకొండు గంటలు, అందరు పోయినంక ఇల్లు బోసిపోయి, అంట్లు మాత్రం అట్లనే ఉంటయ్. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్లకు లైబ్రరీల సాయంత్రం నాలుగు, ఎవడో దోస్తు పోస్టింగ్ ఆర్డర్‌తోని ఫోటో దిగి స్టేటస్ వెడ్తడు, ఇగ ఆ పూట పుస్తకం ముంగటున్నా ఒక్క అక్షరం ఎక్కదు. ఒక్కొక్కరిది ఒక్కో టైం, అందుకే ఒకరి మందు ఇంకొకరికి పనిచెయ్యదు.

మీ టైం ఫోన్ చుట్టు తిరుగుతుంటె (చానా మందిది అదే ఉంటది) మనసును గట్టిగ చేస్కోవాలె అనుకోకుండ్రి, ఫోన్‌ను దూరం వెట్టుండ్రి. చార్జర్ మంచం కాడికెళ్లి తీసి ముందటి రూంల ఫ్రిజ్ పక్కకు పెట్టుండ్రి, అలారం కోసం ఫోన్ కావాలె అంటె బజార్ల చిన్న గడియారం కొనుండ్రి. చేతికి అందకుంట ఉన్నదాని మీద మనసు కొద్దిసేపే గుంజుతది. ఇగ స్టేటస్‌లు, చుట్టాలల్ల ఎవలు కార్ కొన్నరు, ఎవలు బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు ఎన్ని ఐటమ్స్ వెట్టిండ్రు, ఎవలు ఎల్బీ నగర్ దిక్కు ప్లాట్ తీసుకున్నరు, ఇవి చూసి కడుపు రగులుతుంటె ఆ నంబర్లు మ్యూట్ చెయ్యుండ్రి, వాళ్లకు తెల్వదు, చుట్టరికం పోదు. ఆ కార్‌కు ఈఎంఐ ఎంతనో, ఆ ఫంక్షన్‌కు మిత్తికి ఎంత తెచ్చిండ్రో స్టేటస్‌ల రాయరు.

పానం నీరసంగ ఉండి మనసు ఖరాబైతె అది వేరే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దోళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, ఒక మోస్తరు ఎగశ్వాస వచ్చేటట్టు కదలాలె అని. అంటె వారానికి ఐదు రోజులు అరగంట, మాట్లాడొస్తది గని పాట పాడరాదు, గంత స్పీడ్. నల్లగొండోళ్లకు ఎన్జీ కాలేజ్ గ్రౌండ్ ఉంది, మహబూబ్‌నగర్ల స్టేడియం ఉంది, ఊర్లల్ల రోడ్డే ఉంది, ఆడోళ్లు అయితె ఇద్దరు ముగ్గురు కలిసి పోతె ముచ్చట్లకు ముచ్చట్లు నడకకు నడక. మే నెలల మాత్రం ఎండ లేవకముందు అయినా పోవాలె, పొద్దుగూకినంక అయినా పోవాలె, మన ఎండతోని పంతం పనికిరాదు. ఇంకో మాట, దినమంత నడుం వంచి నాట్లేసి వచ్చే అవ్వకు వాకింగ్ చెయ్యమని చెప్పకుండ్రి, ఆమెకు కావాల్సింది నడుం వాల్చెటందుకు ఒక గంట, ఆ గంట ఇంట్లోళ్లు అన్నం వండి ఇస్తెనే దొరుకుతది. నిద్ర సంగతికి వస్తె పెద్దోళ్లకు ఏడు గంటలన్న పడాలె. సాయంత్రం ఆరింటికి దోస్తులతోని కూసోని ఇరానీ చాయ్ మీద చాయ్ కొట్టి, రాత్రి నిద్ర పడ్తలేదు అంటె ఎట్ల, కెఫిన్ సగం దిగాల్నంటెనే ఐదారు గంటలు పడ్తది. ముచ్చట వెట్టుండ్రి, చాయ్ మాత్రం మధ్యాహ్నానికి జరుపుండ్రి.

ఇగ మనుషుల ముచ్చట, దీని మీద జర ఎక్కువ చెప్త. అమెరికాల హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1938ల కొంతమంది మొగపిల్లలను తీసుకొని, వాళ్లు ముసలోళ్లు అయ్యేదాక, ఆ తర్వాత వాళ్ల పిల్లలను కూడ చూసుకుంట వస్తున్నరు, ఇంక నడుస్తనే ఉంది. అండ్ల తేలింది ఏందంటె ముసలితనంల ఆరోగ్యంగ, సంతోషంగ ఉన్నోళ్లు ఎవలయ్యా అంటె దగ్గరి మనుషులతోని మంచిగ ఉన్నోళ్లు. పైసలు, పేరు దాని ఎనకనే. ఇది వినంగనే మనోళ్లు మాకు చుట్టాలకు కొదవ లేదు అంటరు, నిజమే, పెండ్లి కార్డు పంచాలంటె మూడు జిల్లాలు తిరగాలె. గని ఆ చుట్టాలల్ల మనకు పానం బాగ లేదు, పైసల తిప్పలైతుంది అని దాపరికం లేకుంట చెప్పుకునేటోళ్లు ఎంతమంది ఉన్నరు? అటువంటోళ్లు ఇద్దరున్నా చాలు, ఆ ఇద్దరిని పోగొట్టుకోవద్దు.

దానికి ఉపాయం ఏందంటె, మాట్లాడాలె మాట్లాడాలె అనుకుంటె టైం దొరకదు, రోజు చేసే పని దేనికన్న దాన్ని కట్టేయాలె. దుకాణం షట్టర్ గుంజి ఇంటికి నడిచే తొవ్వల అక్కకు ఫోన్, ఆదివారం గోంగూర తెంపుకుంట పాత దోస్తుకు ఫోన్, స్పీకర్‌ల వెట్టి. ఎప్పటి లెక్క తిన్నవా, పిల్లలు ఎట్లున్నరు, సరే ఉంటా అని పెట్టేయకుంట వాళ్లకు తెల్సిన సంగతి ఒక్కటి అడుగుండ్రి. అవ్వను అడుగుండ్రి, మీ కాలంల సద్దుల బతుకమ్మకు గునుగు పువ్వు యాడికెళ్లి తెచ్చేటోళ్లు, ఏ చెరువుల నిమజ్జనం చేసేటోళ్లు అని, ఇగ చూడుండ్రి, మీరు ఫోన్ పెడ్తానన్నా ఆమె పెట్టనియ్యదు. సీతాఫలాల సీజన్ల బాలానగర్ దిక్కు పోతె ఒక గంప తెచ్చి సగం పక్కింటోళ్లకు ఇయ్యుండ్రి, ఆ రకానికి పేరే మన బాలానగర్ది. పైసలు పెద్దగ కావు, ఏడాది దాక యాదుంటది. అన్నదమ్ములతోని గట్టు పంచాయితి ఉంటె మాత్రం సీతాఫలాలు పనిచెయ్యవు, సర్వేయర్‌ను పిలిపించి కొలిపించుకోండ్రి, హద్దు రాళ్లు పాతినంక మాటలు వాటంతట అవే కలుస్తయ్.

ఖాళీగ ఉండే టైమే ఖరాబైతుంటె ఏదన్న నేర్చుకునుడు మొదలువెట్టుండ్రి, పది నిమిషాలతోని. సైకాలజీల ఒక పద్ధతి ఉంది, “ఫలానా పని అయినంక ఫలానాది చేస్త” అని ముందే అనుకుంటె, ఊకె “చెయ్యాలె” అనుకున్నదాని కంటె జరిగే ఛాన్స్ ఎక్కువ. రొట్టె పెంక దించినంక పది నిమిషాలు ఇంగ్లీష్ పేపర్ చదువుత, మధ్యాహ్నం గిరాకీ తగ్గినంక ఒక ఎక్సెల్ పాఠం చూస్త, పిల్లలు పన్నంక కుట్టు మిషన్ మీద ఒక్క గల్ల కుడ్త. జిల్లా గ్రంథాలయం అంటె నోటిఫికేషన్ కోసం చదివేటోళ్లకే అనుకుంటున్నరు, ఎవలైనా పోవచ్చు, పేపర్లు, నవలలు ఉంటయ్, ఎండకాలం ఫ్యాన్ కింద కూసుండి చదువుకోవచ్చు.

ప్రిపేర్ అయ్యే తమ్ముళ్లకు చెల్లెండ్లకు ఒక్క మాట, ఉద్యోగం వచ్చినంక బతుకుడు మొదలువెడ్త అని నాలుగేండ్లు ఆగకుండ్రి. ఎన్ని అటెంప్ట్‌ల దాక రాస్తరో కాయితం మీద రాసుకోండ్రి, ఆ లోపల ఇంకో పని చేతికి వచ్చేటట్టు చూస్కోండ్రి, ఎవలన్న ఎక్కిరిస్తె కామెంట్లల్ల కొట్లాడకుండ్రి. తెలంగాణల కవులే లేరు అని ఎవలో రాస్తె మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి లొల్లి పెట్టి ఊకోలే, 354 మంది కవుల పద్యాలు ఒక్క దగ్గర చేర్చి 1934ల అచ్చేసి ముంగట వెట్టిండు. ఇగ నోరు ఎవలు తెరుస్తరు?

ఇంత చెప్పినంక ఒక సంగతి చెప్పకుంటె నాకే మనసున వట్టదు. అన్ని తకలీబులు మనసుల పుట్టవు. నల్లగొండ జిల్లాల మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంకర్లు పోయినోళ్లకు పాజిటివ్‌గ ఆలోచించమని చెప్తె అది అపహాస్యం, వాళ్లకు కావాల్సింది కృష్ణ నీళ్లు, ఆ నీళ్లు రావాలంటె ఏండ్ల కొద్ది అడగవలసి వచ్చింది, రోడ్ల మీద కూసోవలసి వచ్చింది. వానలు లేక ఊరికూరే ముంబై, పుణె వలస పోయిన పాలమూరు లేబర్‌ది కూడ అదే కథ. మీ క్యాలెండర్ల చిరాకు టైం ప్రతిసారి అప్పు వసూలుకు వచ్చేటోని పేరే చూపెడ్తుంటె, లేకుంటె తాగి వచ్చే మొగని పేరే చూపెడ్తుంటె, వాకింగ్, పుస్తకం దానికి మందు కాదు. పెద్దమనుషులను, మహిళా సంఘపోళ్లను, అవసరమైతె పోలీసోళ్లను కలిసి ఆ కారణాన్నే తొలగించుకోవాలె.

రెండు వారాలు దాటినా ఏ టైం అని లేకుంట దినమంత మనసు బరువుగ ఉండుడు, నిద్ర, ఆకలి పోవుడు, ఇష్టమైన పని మీద కూడ మనసు రాకపోవుడు, సచ్చిపోతె బాగుండు అనిపించుడు, ఇవి ఉంటె ఈ క్యాలెండర్ ముచ్చట పక్కకు వెట్టి 14416కు ఫోన్ చెయ్యుండ్రి. టెలీ మానస్ అంటరు, 2022ల కేంద్రం మొదలువెట్టింది, పైసలు తీసుకోరు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు. జిల్లా పెద్ద దవాఖానకు పోయి మనసు డాక్టర్‌ను చూపించుకోవచ్చు, షుగర్‌కు గోలి మింగినట్టే దీనికి గోలి మింగుతరు, ఎవలేమనుకుంటరో అని ఆగకుండ్రి. ఇంట్ల ఎవలన్న అట్ల ఉంటె “లైట్ తీస్కో” అనకుండ్రి, తోలుకపోండ్రి.

ఇగ ఆదివారం. చానా మంది క్యాలెండర్ల ఆదివారం సాయంత్రం బగ్గ ఖరాబ్ ఉంటది, పొద్దంత పండుకొని లేచి, రేపు సోమవారం అని తల్సుకుంట. దానికి నేను చెప్పేది నెలకొక్కసారన్న బస్సెక్కుండ్రి. 2023 డిసెంబర్ 9 సంది ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల టికెట్‌కు పైసలు లేవు, ఆధార్ కార్డు వెంబడి ఉంచుకుంటె చాలు, మొగోళ్లు టికెట్ కొనాలె, తప్పదు. పాలమూరోళ్లు పిల్లలమర్రికి పోండ్రి, ఊడలు దిగి దిగి మూడెకరాల దాక పరుచుకున్న మర్రి, 2017ల చెద పట్టి పెద్ద కొమ్మ ఇరిగితె సెలైన్ బాటిళ్ల లెక్క మందు ఎక్కించి బతికించిండ్రు, పిల్లలకు ఈ కథ చెప్తె మస్తు ఇంటరు. నల్లగొండోళ్లకు పానగల్లు పక్కనే ఉంది, ఛాయా సోమేశ్వర గుడిల లింగం మీద ఒక స్తంభం నీడ పొద్దంత కదలకుంట ఉంటది, పొద్దు తిరిగినా నీడ ఎందుకు తిరగదో పిల్లలను అడుగుండ్రి, వెలుతురు ఎటెటు కెళ్లి వస్తుందో, స్తంభాలు యాడ యాడ ఉన్నయో వాళ్లనే చూసి చెప్పమనుండ్రి, జవాబు మీరు ముందే చెప్పకుండ్రి. సద్ది ఇంటి నుంచే కట్టుకపోండ్రి, పచ్చి పులుసు అయితె మూత గట్టిగ ఉన్న డబ్బల పొయ్యుండ్రి.